నల్గొండ నుంచి వైజాగ్‌కు విమానంలో పోతే నిజంగా ఎంతసేపు? దూరం, సమయం మీరే లెక్క వేసుకునే పద్ధతి

మా చెల్లెను వైజాగ్‌లో ఇచ్చినం. పెళ్లయిన కొత్తలో ఇంట్లో అందరి నోట ఒకటే మాట, "ఫ్లైట్‌లో గంటంబావే కదా, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి అక్కడ ఉంటం" అని. ఆ మాట నమ్మి చెల్లె శ్రీమంతానికి నేనూ అమ్మా పదకొండు గంటల ఫ్లైట్‌కు టికెట్ తీసుకుని, నల్గొండలో ఏడున్నరకు బండి ఎక్కినం. సంక్రాంతి అయిపోయి జనమంతా హైదరాబాద్‌కు తిరిగి వచ్చే రోజులు. హైవే మీద ఒక టోల్‌గేట్ దగ్గరే నలభై నిమిషాలు పోయింది. ఎయిర్‌పోర్ట్ లోపలికి చేరేసరికి 10:10. విమానం లేవడానికి ఇంకా యాభై నిమిషాలు ఉంది, కానీ లగేజీ తీసుకునే కౌంటర్ పది గంటలకే మూసేశారు. సకినాలు, గారెలు, చీర, సారె అన్నీ ఆ పెద్ద బ్యాగులోనే. బ్యాగు వదిలి పోలేము, బ్యాగుతో పోలేము. రాత్రి బస్సు పట్టుకుని మరుసటి రోజు పొద్దున చేరేసరికి చెల్లె శ్రీమంతం మా అమ్మ లేకుండానే అయిపోయింది. అమ్మ ఇప్పటికీ ఆ ఫొటోలు చూడదు.

ఆ తర్వాత నేను ఈ లెక్కను పట్టుదలగా నేర్చుకున్నా. టికెట్ మీద ఉండే గంటంబావు విమానం సమయం, మన ప్రయాణ సమయం కాదు. మనది ఇంటి గడప నుంచి వాళ్ల ఇంటి గడప దాకా. దాన్ని ఎట్లా లెక్కపెట్టాలో ఇక్కడ వరుసగా రాస్తున్నా. ఉదాహరణ నల్గొండ–వైజాగ్ తీసుకున్నా, మధ్యలో పాలమూరు వాళ్లకు బెంగళూరు, అందరికీ తిరుపతి కూడా వస్తాయి. మీ ఊరు ఏదైనా పద్ధతి ఒకటే.

1. ముందు మీరు అడిగేది ఏ దూరమో తేల్చుకోండి

ఫోన్‌లో "హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం" అని కొడితే ఒకచోట 510 వస్తుంది, ఇంకోచోట 620, మరోచోట 700. మూడూ కరెక్టే. 510 కిలోమీటర్లు ఆకాశంలో గీత గీస్తే వచ్చే దూరం. 620 దాకా వచ్చేది విజయవాడ మీదుగా రోడ్డు. దగ్గర దగ్గర 700 వచ్చేది సికింద్రాబాద్ నుంచి కాజీపేట, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి మీదుగా రైలు పట్టాల దూరం. విమాన సమయానికి పనికొచ్చేది మొదటిది ఒక్కటే. కొన్ని చోట్ల ఇదే దూరాన్ని 317 అని, 276 అని కూడా చూపిస్తారు, చూసి కంగారు పడకండి. మొదటిది మైళ్లలో (మైలుకు 1.609 కిలోమీటర్లు), రెండోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో (ఒక నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు).

ఇప్పుడు మన నల్గొండ సంగతి. నల్గొండ నుంచి వైజాగ్‌కు నేరుగా గీత గీస్తే దాదాపు 425 కిలోమీటర్లే. రోడ్డు మీద విజయవాడ దాకా సుమారు 180, అక్కడి నుంచి ఇంకో 350. కానీ విమానం ఎక్కాలంటే ముందు తూర్పున ఉన్న ఊరికి పోవడానికి పడమరకు 115–120 కిలోమీటర్లు వెళ్లాలి, శంషాబాద్‌లో ఎక్కాలి, మళ్లీ తూర్పుకే ఎగరాలి. మ్యాపులో శంషాబాద్‌కు, వైజాగ్‌కు మధ్య స్కేలు పెట్టి చూస్తే ఆ గీత మన నల్గొండ పట్టణానికి ఓ ముప్పై కిలోమీటర్లు ఉత్తరంగా, పాత ఉమ్మడి జిల్లా మీదుగానే పోతుంది. అంటే రెండు గంటలు బండిలో వెనక్కి పోయి, మళ్లీ మన ఊరి పక్క నుంచే ఎగురుతూ పోతున్నాం. ఈ ఒక్క విషయం బుర్రలో పడితే మిగతా లెక్క అంతా తేలికవుతుంది.

2. గాలి దూరాన్ని కాగితం మీద లెక్క కట్టడం

యాప్‌లో చూసుకోవచ్చు, మ్యాపులో రెండు చోట్ల నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే సదుపాయం ఉంటుంది. కానీ ఒకసారి చేత్తో వేసి చూడండి, పదో తరగతి చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లతో వేయించండి, బడిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు పనికొస్తుందో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

మ్యాపులో ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. శంషాబాద్‌ది 17.24, 78.43. వైజాగ్‌లో ఊరికి ఆనుకుని ఉన్న పాత ఎయిర్‌పోర్ట్‌ది 17.72, 83.22. అక్షాంశాల తేడా 0.48. ఒక్కో అక్షాంశ డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి 0.48 × 111 = 53 కిలోమీటర్లు ఉత్తరానికి. రేఖాంశాల తేడా 4.79. ఇక్కడ జాగ్రత్త, రేఖాంశ డిగ్రీకి 111 వేయకూడదు. రేఖాంశ గీతలు భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరకు వస్తాయి. మన తెలంగాణ ఉన్న 17 డిగ్రీల దగ్గర ఒక్కో డిగ్రీకి 106 కిలోమీటర్లు వస్తుంది. 4.79 × 106 = 508 కిలోమీటర్లు తూర్పుకు. ఇప్పుడు 53 వర్గం, 508 వర్గం కూడితే 2,60,873. దాని వర్గమూలం 511. అంతే, దూరం వచ్చేసింది.

భూమి గుండ్రంగా ఉంది కదా, ఇది తప్పు కాదా అని మా మేనల్లుడు అడిగాడు. అమెరికాకు లెక్క వేస్తే తప్పే. ఐదారు వందల కిలోమీటర్లకు వచ్చే తేడా ఒకటో రెండో కిలోమీటర్లు, దాంతో మన ప్రయాణానికి ఏమీ కాదు. ఇదే పద్ధతిలో శంషాబాద్ నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌కు సుమారు 453, తిరుపతికి 417, గన్నవరానికి (విజయవాడ ఎయిర్‌పోర్ట్) 264, ముంబైకి 623, ఢిల్లీకి 1260 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఢిల్లీకి వేసేటప్పుడు మాత్రం డిగ్రీకి 106 కాకుండా ఇంకాస్త తగ్గించి వేయాలి, ఎందుకంటే మనం ఉత్తరానికి పోతున్నాం.

3. దూరం నుంచి విమాన సమయం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుంది, 511ని దానితో భాగిస్తే 37 నిమిషాలు, మరి టికెట్ మీద గంటంబావు ఎందుకు రాశారు, మోసమా అని అడుగుతారు. మోసం కాదు. ఎయిర్‌బస్ 320 లాంటి జెట్ విమానానికి ఆ 830 వేగం పైకి పోయి నిలకడగా ఎగిరేటప్పుడు మాత్రమే ఉంటుంది. వైజాగ్ లాంటి దగ్గరి ఊరికి పోయేటప్పుడు విమానం ఆ ఎత్తుకు చేరడానికి ఓ ఇరవై నిమిషాలు, కిందికి దిగడానికి ఇంకో ఇరవై పైన పడుతుంది, మధ్యలో నిలకడగా ఎగిరేది కాసేపే. మంచినీళ్ల సీసా చేతికిచ్చి వెనక్కి తిరిగేలోపు దిగుతున్నామని ప్రకటన వస్తుంది, చూసే ఉంటారు. దానికి తోడు నేల మీద నడక ఉంది. విమానాన్ని వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పోవడం, ముందు ఉన్న విమానాలు లేచేదాకా వరుసలో ఆగడం, దిగినాక మళ్లీ మెల్లగా వచ్చి ఆగడం. టికెట్ మీద ఉండే సమయం ఇదంతా కలిపి, చక్రం కదిలినప్పటి నుంచి దిగిన చోట ఆగేదాకా. గాలిలో ఉండేది అందులో యాభై, యాభై ఐదు నిమిషాలే.

నేను వాడే సూత్రం ఇది. జెట్ విమానమైతే దూరాన్ని 800తో భాగించి, వచ్చిన దానికి 35 నిమిషాలు కలపండి. వైజాగ్‌కు 511 ÷ 800 అంటే 38 నిమిషాలు, 35 కలిపితే 73. గంటంబావుకు రెండు నిమిషాలు తక్కువ. బెంగళూరుకు 34 + 35, గంటా పది. ఢిల్లీకి 95 + 35, రెండు గంటలా పది. ముంబైకి సూత్రం 82 నిమిషాలు చెప్తుంది కానీ అక్కడి ఎయిర్‌పోర్ట్ రద్దీకి ఇంకో పది కలుపుకోండి, గాలిలో గుండ్రంగా తిప్పడం అక్కడ మామూలే.

రెక్కల మీద పంకాలు కనబడే చిన్న విమానం, ఏటీఆర్ అంటారు, దానికి లెక్క వేరు. అది గంటకు 500 దగ్గర్లోనే పోతుంది, కాబట్టి 480తో భాగించి 25 కలపండి. తిరుపతికి ఏటీఆర్ పడితే 52 + 25, గంటా పదిహేడు నిమిషాలు. అదే ఊరికి జెట్ పడితే గంటా ఐదు, గంటా పది. ఒకే ఊరికి ఒక ఫ్లైట్‌కు ఒక సమయం, ఇంకో ఫ్లైట్‌కు ఇంకో సమయం ఉంటే ఎక్కువసార్లు కారణం ఇదే. బుక్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసుకోండి.

ఇంకో తిరకాసు, "నాన్‌స్టాప్" అనేదీ "డైరెక్ట్" అనేదీ ఒకటి కాదు. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే మీరు విమానం మారక్కర్లేదు కానీ అది మధ్యలో ఒక ఊర్లో దిగి లేవవచ్చు. ఐదు వందలు తక్కువ ఉందని చూసి చెన్నై మీదుగానో బెంగళూరు మీదుగానో వైజాగ్ టికెట్ తీసుకుంటే గంటంబావు కాస్తా ఐదారు గంటలవుతుంది. వెతికేటప్పుడు "నాన్‌స్టాప్" అన్న గడి టిక్ పెట్టుకోండి.

ఆలస్యాల గురించి ఒక మాట. మీరెక్కే విమానం పొద్దుటి నుంచి ఊరూరూ తిరిగి వచ్చేదే. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ పొగమంచులో చిక్కుకుంటే, ఇక్కడ శంషాబాద్‌లో ఎండ కాస్తున్నా మీ ఫ్లైట్ లేటవుతుంది. అందుకే ఆ రోజుల్లో పొద్దున మొదటి ఫ్లైట్ మంచిది, రాత్రే వచ్చి నిలబడి ఉండే అవకాశం ఎక్కువ. వైజాగ్ వైపు అక్టోబర్, నవంబర్ నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు ఆ ఎయిర్‌పోర్ట్ పైకప్పే దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు నడవలేదు. వాయుగుండం అని వార్త వస్తే టికెట్ మార్చుకునే షరతులు ముందే చదువుకోండి.

4. ఇంటి నుంచి శంషాబాద్ దాకా

అసలు సమయం తినేది ఇదే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్తా.

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి వచ్చి విజయవాడ హైవే ఎక్కి, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే బొంగ్లూరు, తుక్కుగూడ మీదుగా శంషాబాద్. సిటీలోకి పోవద్దు, ఎల్బీ నగర్, ఆరాంఘర్ ట్రాఫిక్‌లో పడితే ఆ రోజు ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. సొంత బండిలో మామూలు రోజున రెండు గంటలు, రెండుంబావు. కానీ సంక్రాంతికి ముందు మూడు రోజులు విజయవాడ వైపు, పండగ అయ్యాక మూడు రోజులు హైదరాబాద్ వైపు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్‌లో బండ్లు బారులు తీరతాయి, ప్రతి ఏడూ టీవీల్లో చూపిస్తారు. ఆ వారంలో ప్రయాణమైతే మొత్తానికి ఇంకో గంటన్నర కలుపుకోండి. ఇది నేను అనుభవించి చెప్తున్నా.

బస్సులో పోయేవాళ్లు నల్గొండ బస్సు ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్‌కు పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు. నల్గొండ నుంచి ఎల్బీ నగర్‌కు రెండు నుంచి రెండున్నర గంటలు, పుష్పక్ కోసం ఆగేదీ, ప్రయాణమూ కలిపి ఇంకో గంటన్నర పెట్టుకోండి. సామాను తక్కువైతే ఇది బాగుంటుంది. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే క్యాబ్ మాట్లాడుకోండి, నలుగురు పోతే ఖర్చు కూడా పెద్ద తేడా రాదు.

మిర్యాలగూడ వాళ్లు నల్గొండ లెక్కకు గంట కలపాలి. దేవరకొండ, కొండమల్లేపల్లి వాళ్లు నల్గొండ వైపు రావద్దు, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డులో వచ్చి బొంగ్లూరు దగ్గర ఔటర్ ఎక్కితే దగ్గర. కల్వకుర్తి, అచ్చంపేట, ఆమనగల్లు వాళ్లది ఈ విషయంలో అదృష్టం, శ్రీశైలం హైవే నేరుగా తుక్కుగూడలో తేలుతుంది, అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ పక్కనే, సిటీ మొహం చూడక్కర్లేదు.

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వచ్చి బెంగళూరు హైవే ఎక్కితే షాద్‌నగర్ మీదుగా 85–90 కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. హైదరాబాద్ బస్సు ఎక్కినా శంషాబాద్ ఊర్లోనే దిగిపోవచ్చు, అక్కడి నుంచి ఆటోకో క్యాబ్‌కో కొన్ని కిలోమీటర్లే. సిటీలో ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లను చూశా, అనవసరంగా రెండు గంటలు పోతాయి. ఎక్కేటప్పుడే కండక్టర్‌ను అడిగి శంషాబాద్‌లో ఆపుతారో లేదో తెలుసుకోండి. వనపర్తి, పెబ్బేరు వాళ్లదీ ఇదే దారి.

గద్వాల, అలంపూర్ వాళ్లు మాత్రం ఒకసారి కర్నూలు వైపు చూడండి. ఓర్వకల్లులో 2021 మార్చిలో ఎయిర్‌పోర్ట్ తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఫ్లైట్లు చాలా తక్కువ, రోజూ ఉండకపోవచ్చు, కానీ మీరు పోయే ఊరికి ఆ రోజు ఉంటే శంషాబాద్ దాకా వచ్చే పని తప్పుతుంది. అట్లాగే కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లకు బెంగళూరు, చెన్నై లాంటి ఊర్లకు గన్నవరం ఎయిర్‌పోర్ట్ నయం కావొచ్చు, కోదాడ నుంచి విజయవాడ వంద కిలోమీటర్ల లోపే. పాలమూరులో గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్ట్ కట్టాలని రాష్ట్రం ప్రతిపాదన పెట్టింది, అది వచ్చిన రోజు ఈ లెక్కలన్నీ మళ్లీ రాయాలి, రావాలని నా కోరిక కూడా.

5. ఎయిర్‌పోర్ట్ లోపల

గుర్తుపెట్టుకోవాల్సిన సమయాలు రెండు. దేశంలో తిరిగే ఫ్లైట్లకు లగేజీ కౌంటర్ సాధారణంగా విమానం కదిలే టైమ్‌కు 60 నిమిషాల ముందు మూసేస్తారు. విమానం ఎక్కించే గేటు 25 నిమిషాల ముందు. ఒక్క నిమిషం దాటినా బతిమాలితే తీసుకోరు, తీసుకునే అధికారం కౌంటర్‌లో పనిచేసే పిల్లలకు ఉండదు కూడా. కాబట్టి పెద్ద బ్యాగు ఉంటే రెండు గంటల ముందు లోపల ఉండాలి. చేతి బ్యాగు ఒక్కటే ఉండి, ఇంట్లోనే వెబ్ చెక్-ఇన్ చేసుకుంటే గంటన్నర చాలు. డిజీ యాత్ర యాప్‌లో ముందే నమోదు చేసుకున్నవాళ్లు ముఖం చూపించి లోపలికి పోవచ్చు, క్యూ తగ్గుతుంది. అయినా ఆధార్ కార్డు జేబులో పెట్టుకోండి.

చేతి బ్యాగు 7 కిలోలు, లోపల వేసేది 15 కిలోలు, చాలా టికెట్లకు ఇంతే. ఇంట్లో తూకం వేసుకోండి, కౌంటర్ దగ్గర బ్యాగు విప్పి చీరలు అటూ ఇటూ సర్దుతుంటే పదిహేను నిమిషాలు పోతాయి. నూనె పచ్చడి, నెయ్యి చేతి బ్యాగులో పెట్టుకోవద్దు, తనిఖీలో ఆపేస్తారు. బాగా బిగించి, రెండు కవర్లు చుట్టి పెద్ద బ్యాగులో వేయండి. పవర్ బ్యాంక్ దీనికి తలకిందులు, అది చేతి బ్యాగులోనే ఉండాలి.

అర్ధరాత్రి ఫ్లైట్‌కు తేదీ చూసుకోండి, దయచేసి. 15వ తేదీ 00:30 అంటే 14వ తేదీ రాత్రి భోంచేసి ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోవాలి. మా బావ 15వ తేదీ రాత్రి సూట్‌కేసుతో పోయాడు, విమానం లేచి అప్పటికే దాదాపు ఒక రోజు దాటింది.

6. దిగినాక

విమానం ఆగినాక తలుపు తెరిచి, నడిచి, బెల్టు మీద బ్యాగు వచ్చేదాకా ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. వైజాగ్ పాత ఎయిర్‌పోర్ట్ నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో, ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర, ఊరికి ఆనుకునే ఉంది. గాజువాకకు అరగంట లోపే, ఎంవీపీ కాలనీ వైపు ముప్పావు గంట. కొత్త ఎయిర్‌పోర్ట్ భోగాపురంలో, విజయనగరం జిల్లాలో, ఊరికి చాలా ఉత్తరంగా ఉంది. మీరు పోయే నాటికి టికెట్ మీద ఏది రాసి ఉందో చూసుకోండి, భోగాపురం అయితే ఊర్లోకి రావడానికి గంట పైనే పెట్టుకోవాలి, గాజువాక వాళ్ల ఇంటికైతే ఇంకా ఎక్కువ. బెంగళూరులోనూ ఇదే సంగతి, అక్కడి ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లిలో, ఎంజీ రోడ్డుకు 35 కిలోమీటర్లు. సాయంత్రం దిగితే ఎలక్ట్రానిక్ సిటీ చేరడానికి విమానంలో కూర్చున్న దానికి రెండింతలు పడుతుంది.

7. ఇప్పుడు వెనక నుంచి ముందుకు లెక్క

ఎప్పుడూ విమానం టైమ్ నుంచి వెనక్కి రావాలి. ఫ్లైట్ 11:00 అనుకుందాం. గేటు మూసేది 10:35. లగేజీ కౌంటర్ మూసేది 10:00. కాబట్టి 9:00కు లోపల ఉండాలి. దారి రెండుంబావు గంటలు, టోల్‌గేట్, టైరు పంక్చర్ లాంటి వాటికి ఇంకో ముప్పావు గంట. ఆరింటికి ఇంట్లో బండి కదలాలి. ఏడున్నరకు బయల్దేరినవాళ్ల సంగతి మొదట్లోనే చెప్పా. అటువైపు 12:15కు ఆగుతుంది, బ్యాగు చేతికి వచ్చేసరికి 12:45, ఇంట్లో కాలు పెట్టేసరికి 1:30. మొత్తం ఏడున్నర గంటలు. గాలిలో ఉన్నది గంట లోపు.

దీని పక్కన రైలు పెట్టి చూడండి. మన నల్గొండ స్టేషన్ మీదుగానే, గుంటూరు, విజయవాడ దారిలో, జన్మభూమి, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు వైజాగ్ పోతాయి. పది, పదకొండు గంటలు. విశాఖ ఎక్స్‌ప్రెస్ అయితే సాయంత్రం ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్. స్టేషన్‌కు ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు, సామాను తూకం లేదు, పచ్చడి గొడవ లేదు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు చూసుకోండి. నా మట్టుకు నేను ఒక్కణ్ణి, చేతి బ్యాగుతో, అదే రోజు పని ఉండి పోతే విమానం. అమ్మతో, సారె బ్యాగులతో పోతే రైలు బెర్తు. ఆస్పత్రి కబురు లాంటిది వస్తే మాత్రం ఇంకో ఆలోచన లేదు, విమానమే, ఆ మూడు గంటలు కూడా అప్పుడు విలువైనవే.

తిరుపతికి ఈ లెక్క ఇంకా తేలిపోతుంది. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్‌లో మొదలైంది, నల్గొండలో ఆగుతుంది, ఏడు గంటల్లో తిరుపతిలో దింపుతుంది. విమానంలో శంషాబాద్ పోయి, ఎగిరి, రేణిగుంటలో దిగి ఊర్లోకి వచ్చేసరికి ఇంచుమించు అంతే. పాలమూరు వాళ్లకు బెంగళూరు కూడా ఇట్లాంటిదే, 2023 సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది, దాదాపు ఏడు గంటలు. విమానంలో పోతే దారికి రెండు, ఎయిర్‌పోర్ట్‌లో రెండు, విమానం గంటా పది, బ్యాగు అరగంట, దేవనహళ్లి నుంచి ఊర్లోకి గంటన్నర, కూడి చూడండి, ఏడు దాటుతుంది. ఇక నల్గొండ నుంచి విజయవాడకు విమానం మాట తలపెట్టకండి, మీరు శంషాబాద్ చేరి తనిఖీ దాటేలోపు బస్సు బెంజ్ సర్కిల్‌లో ఉంటుంది. ముంబై, ఢిల్లీకి మాత్రం వాదన లేదు, అక్కడ విమానం ఒక రోజును మిగులుస్తుంది, ముంబైలో పనికి పోయిన పాలమూరు పిల్లలు పండగకు రెండు రోజుల సెలవులో వచ్చి పోతున్నారంటే దానివల్లే.

8. తిరుగు ప్రయాణం

పోయేటప్పుడు ఇంత లెక్క వేసినవాళ్లు వచ్చేటప్పుడు మర్చిపోతారు. టికెట్ చవకగా ఉందని రాత్రి పదిన్నరకు శంషాబాద్‌లో దిగే ఫ్లైట్ తీసుకుంటే, బ్యాగు తీసుకుని బయటికి వచ్చేసరికి పదకొండు, పుష్పక్‌లో ఎల్బీ నగర్ చేరేసరికి పన్నెండు దాటుతుంది. ఆ వేళ నల్గొండ బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే రోడ్డు పక్కన ఆడవాళ్లతో, సామానుతో నిలబడాలి. సొంత బండి ఎదురొచ్చే ఏర్పాటు లేకపోతే సాయంత్రం ఐదులోపు దిగే ఫ్లైట్ తీసుకోండి, ఎల్బీ నగర్‌లో ఏడున్నరకు బస్సు ఎక్కినా పదింటికి నల్గొండలో ఉంటారు. మొన్న దసరాకు అమ్మను అట్లాగే తీసుకొచ్చా. ఎడమవైపు కిటికీ సీటు ఇప్పించా, వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు మన నల్గొండ ఆ పక్కనే ఉంటుంది. దిగడం మొదలైన దగ్గర్నుంచి అమ్మ కిందికి చూస్తూనే ఉంది, ఒకచోట చెరువు మెరిస్తే అది మనదేనా అని అడిగింది.